ఆటోనగర్‌లో దొరికే లాకౌట్ కిట్: మన మిల్లులకు ఏ మేరకు పనికొస్తుంది?

విజయవాడ ఆటోనగర్‌లో సేఫ్టీ సామాన్లు అమ్మే కొట్లలో ఇప్పుడు హెల్మెట్లు, గమ్‌బూట్ల పక్కన ఎర్ర సంచుల్లో లాకౌట్ కిట్లు కూడా వేలాడుతున్నాయి. రిపేరు జరుగుతున్నంతసేపూ మెషిన్‌కి కరెంటు రాకుండా స్విచ్‌కి తాళం వేసే సామాను ఇది. మేం చూసింది పెద్ద బ్రాండేమీ కాని ఒక కిట్. ధర నాలుగు వేల చిల్లర. సంచిలో ఆరు తాళాలు, ఒకే స్విచ్‌కి చాలా తాళాలు పట్టే ఆరేసి రంధ్రాల హాస్పులు రెండు, ఎంసీబీ (చిన్న బ్రేకర్ స్విచ్) క్లిప్పులు నాలుగు, ఎంసీసీబీ (పెద్ద బ్రేకర్) క్లాంపు ఒకటి, రెండు మీటర్ల కేబుల్ లాకు, బాల్ వాల్వ్ లాకు, పుష్‌బటన్ మూత, డజను ట్యాగులు ఉన్నాయి. గుంటూరు చుట్టుపక్కల ఎక్కువగా కనిపించే కారం పొడి కొట్టే పల్వరైజర్, సరుకుని ముందుకి తోసే స్క్రూ కన్వేయర్, పైకి ఎత్తే బకెట్ ఎలివేటర్, పత్తి గింజ తీసే జిన్నింగ్ రోలర్లు, దూది బేళ్లు కట్టే బేల్ ప్రెస్ లాంటి వాటికి ఇది ఎంతవరకు సరిపోతుందో చూశాం.

కొనదగిన కిట్టే. అయిదుకి మూడున్నర ఇస్తాం. తగ్గిన ఆ ఒకటిన్నర ఎందుకో చెప్పడానికే ఇంత రాయాల్సి వచ్చింది.

రిపేరు వేళ చేతులు, వేళ్లు పోయే ప్రమాదాల్ని దగ్గరగా చూస్తే మూడు దారులు కనిపిస్తాయి. మెషిన్ తిరుగుతుండగానే చెయ్యి పెట్టడం మొదటిది: రోలర్‌కి చుట్టుకున్న దూదిని లాగబోవడం, స్క్రూలో ఇరుక్కున్న ముద్దని కర్రతో కదపబోవడం, బెల్టు పక్కకి జరుగుతోందని కాలితో తొయ్యడం. మెషిన్ ఆపి ఫిట్టర్ లోపల పని చేస్తుంటే, తెలియక ఇంకెవరో స్విచ్ వెయ్యడం రెండోది. స్విచ్ ఎవరూ ముట్టుకోకపోయినా, లోపల మిగిలిపోయిన బరువు, గాలి, ఆయిల్ ప్రెషర్ వల్ల మెషిన్ తనంత తానే కదలడం మూడోది. ఈ కిట్ రెండోదాన్ని గట్టిగా ఆపుతుంది. మూడోదాన్ని కొంతవరకే ఆపుతుంది. మొదటిదాన్ని ఏ తాళమూ ఆపలేదు.

ముందు తాళాలు. బాడీ గట్టి ప్లాస్టిక్‌ది, కడ్డీ 6 మిల్లీమీటర్ల మందం, 38 మిల్లీమీటర్ల పొడుగు. మూడింటికి స్టీలు కడ్డీ, మూడింటికి నైలాన్ కడ్డీ. ప్యానెల్ లోపల వెయ్యడానికి నైలాన్‌దే మంచిది, కరెంటు పాకదు. తాళం తెరిచి ఉన్నంతసేపు చెవి బయటికి రాదు, నొక్కి మూస్తేనే వస్తుంది. ఇది చాలా ముఖ్యమైన గుణం. తాళం వెయ్యకుండా చెవి జేబులో వేసుకుని వెళ్లిపోయే వీలుండదు. ఇంట్లో గేటుకి వేసే మామూలు తాళంతో సరిపెట్టుకోకూడదనడానికి ఇదొక కారణం.

కొన్న రోజే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. ఒక్కో తాళంలో మిగతా ఐదు తాళాల చెవులు పెట్టి తిప్పాలి. ఆరు తాళాలకి ఐదేసి, మొత్తం 30 సార్లు. పది నిమిషాల పని. ఒక్కటి తెరుచుకున్నా కిట్ తిరిగిచ్చెయ్యండి. ఒకరి తాళం ఇంకొకరి చెవితో వచ్చేటట్టయితే మొత్తం పద్ధతే అబద్ధం అయిపోతుంది. ఈ కిట్‌లో 30కి 30 సార్లూ తెరుచుకోలేదు. ఇక్కడ పూర్తి మార్కులు.

మార్కు తగ్గేది చెవుల లెక్క దగ్గర. ఒక్కో తాళానికి రెండేసి చెవులిచ్చారు. రెండో చెవి సూపర్‌వైజర్ సొరుగులోకి చేరుతుంది. ఫిట్టర్ టీకి వెళ్లాడనుకుని, లోడు లారీ బయట నిలబడి ఉందని, ఎవరో ఒకరు ఆ సొరుగు తెరుస్తారు. లోపల ఉన్న మనిషి ప్రాణం ఆ సొరుగులోకి వెళ్లిపోయినట్టే. రెండో చెవిని అక్కడికక్కడే కోసి పారెయ్యండి. ఎవరైనా తాళం వేసి మరిచి ఇంటికి వెళ్లిపోతే అప్పుడేం చెయ్యాలన్నది ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి: ఆ మనిషి మిల్లులో లేడని కళ్లారా చూసుకోవాలి, ఫోన్ చేసి మాట్లాడాలి, మెషిన్ చుట్టూ తిరిగి లోపల ఎవరూ లేరని చూడాలి, బాధ్యత ఉన్న ఒక్కరి ఎదుట తాళం కోయాలి, అతను మళ్లీ డ్యూటీ ఎక్కేలోపు ఆ సంగతి అతనికి చెప్పాలి. మూడు వందల రూపాయల తాళం పోతే పోనివ్వండి.

కారం మిల్లుల వాళ్లకి ఇంకో మాట. కారం పొడికి నూనె జిడ్డు ఉంటుంది, తాళం రంధ్రంలో చేరి గట్టిపడుతుంది. చెవి బిగుసుకుంటోందని కొబ్బరినూనో, మెషిన్ ఆయిలో పోస్తే పొడి ఇంకా పట్టుకుంటుంది. గ్రాఫైట్ పొడి కొద్దిగా ఊదితే చాలు.

ఎంసీబీ క్లిప్పులు బాగున్నాయి. లివరు పక్కల ఉండే చిన్న రంధ్రాల్లో పిన్నులు కూర్చుంటాయి, తాళం వేశాక లివరు పైకి లేవదు. వేసిన ప్రతిసారీ వేలితో లివరు లేపి చూడండి. ఎంసీసీబీ క్లాంపు దగ్గర మాత్రం జాగ్రత్త. దాని స్క్రూని లివరు మీద గట్టిగా బిగించి, ఆ స్క్రూ మీదికి మూత వాల్చి, అప్పుడు తాళం వెయ్యాలి. అర చుట్టు వదులుగా ఉన్నా సరే, తాళం వేసింది వేసినట్టే ఉండి క్లాంపు మొత్తం లివరు మీంచి జారి వచ్చేస్తుంది. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, అందుకే ప్రమాదం. హాస్పుల నోరు 25 మిల్లీమీటర్లే, కొన్ని పెద్ద ప్యానెల్ హ్యాండిళ్లకి పట్టదు. 38 మిల్లీమీటర్లది ఒకటి విడిగా కొనుక్కోండి.

పుష్‌బటన్ మూత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ కిట్ మీద మా పెద్ద ఫిర్యాదు ఇదే. స్టార్ట్ బటన్ మీద మూత పెట్టి తాళం వేస్తే మెషిన్‌కి తాళం పడిందనుకుంటారు. పడలేదు. బటన్ ఆపేది కంట్రోల్ కరెంటునే. 415 వోల్టుల మూడు ఫేజులూ స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టర్ గుమ్మం దాకా వచ్చి నిలబడే ఉంటాయి. కాంటాక్టర్ కాంటాక్టులు కాలి అతుక్కున్నా, ప్యానెల్‌లో ఎవరైనా కాంటాక్టర్‌ని చేత్తో నొక్కినా, ఇంకో చోట రెండో బటన్ ఉన్నా, లెవెల్ స్విచ్‌తో ఆటోలో నడిచే మెషిన్ అయినా మోటారు లేస్తుంది. ఎమర్జెన్సీ స్టాప్ కూడా అంతే. తాళం పడాల్సింది మూడు ఫేజుల్నీ విడదీసే స్విచ్‌కే. అమ్మే కుర్రాళ్లు ఈ మూతనే ముందు తీసి చూపిస్తున్నారు. కొనేవాళ్లు తేలిగ్గా మోసపోతారు.

పాత మిల్లుల్లో మెయిన్లు ఇంకా ఇనప డబ్బా స్విచ్‌లే. కొన్నిటికి హ్యాండిల్ దగ్గర తాళం రంధ్రం ఉంటుంది, కొన్నిటికి తుప్పు పట్టి పూడిపోయి ఉంటుంది. రంధ్రం లేని చోట మన ఎలక్ట్రీషియన్లు ఫీజులు పీకి జేబులో వేసుకుంటారు. మంచి అలవాటే, కానీ పక్క డబ్బా ఫీజు తెచ్చి పెట్టేవాళ్లని అది ఆపదు. మూడు ఫీజు క్యారియర్లూ పీకి, డబ్బా తలుపు, హ్యాండిల్ కలిపి కిట్‌లోని కేబుల్ లాకుతో చుట్టి తాళం వెయ్యండి. చుట్టేటప్పుడు కేబుల్‌ని బిగలాగాలి. బెత్తెడు వదులు ఉంటే హ్యాండిల్ ఆ వదులులోనే ఆన్‌కి వెళ్తుంది. ఆఫ్‌లో ఉన్న స్విచ్ పొరపాటున ఆన్‌లోకి జారే వీలుంటే దాన్ని ఆఫ్‌లోనే తాళం వేసే ఏర్పాటు ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్‌లోనే రాశారు. కాబట్టి తాళం రంధ్రం పూడిపోయిన మెయిన్ స్విచ్‌ని మార్చమని ఓనర్‌ని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

కరెంటు పోయినప్పుడు చేసే రిపేర్ల గురించి ఏ కిట్ తయారీదారూ రాయడు. మన దగ్గర అదే అసలైన ప్రమాద సమయం. లైను పోగానే ‘ఎలాగూ ఆగింది, ఒక్క నిమిషంలో తీసేస్తా’ అని స్క్రూ మూత తెరిచి చెయ్యి పెడతారు. సెలెక్టర్ ఆటోలో ఉన్న మెషిన్ అయితే లైను రాగానే తనే లేస్తుంది. ఆటో ప్యానెల్ ఉన్న జనరేటర్ అయితే లైను రావడానికి కూడా ఆగదు, కొద్ది సెకన్లలోనే కరెంటు ఇచ్చేస్తుంది. కాబట్టి కరెంటు ఉన్నా లేకపోయినా పద్ధతి ఒక్కటే: మెషిన్ ఐసొలేటర్ (మూడు ఫేజుల్నీ విడదీసే స్విచ్) ఆఫ్, తాళం, ట్యాగు. తాళం లైన్నీ జనరేటర్‌నీ మార్చే చేంజోవర్ స్విచ్‌కి ఇవతల, మెషిన్ వైపు ఉంటే లైనైనా జనరేటరైనా ఆగిపోతుంది. పని జనరేటర్ మీదే అయితే ప్యానెల్‌ని ఆటోలోంచి తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. విప్పిన వైరు మళ్లీ తగిలించకుండా వేసే మూత ఈ కిట్‌లో లేదు.

కరెంటు నిజంగా పోయిందో లేదో చూసుకునే సాధనమూ లేదు. లైన్ టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని అర్థం కాదు. దానిలోని నియాన్ బల్బు మాడిపోయి ఉండొచ్చు, ఎండలో వెలుగు కనిపించకపోవచ్చు. మల్టీమీటర్ కావాలి. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి మీటర్ పని చేస్తోందని చూసుకోవాలి. తర్వాత తాళం వేసిన స్విచ్‌కి అవతల మూడు ఫేజుల మధ్య మూడు కొలతలు, ఒక్కో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య మూడు కొలతలు. చివర్లో మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి మీటర్ ఇంకా బతికే ఉందని చూడాలి. ఈ ఆఖరి మెట్టునే అందరూ ఎగ్గొడతారు. కొలుస్తుండగా మీటర్ పాడై ఉంటే దాని సున్నాని నమ్మి చెయ్యి పెట్టేస్తాం. అదంతా అయ్యాక మెషిన్ దగ్గర ఎవరూ లేకుండా చూసి స్టార్ట్ బటన్ నొక్కండి, కదలకపోతే మళ్లీ స్టాప్ నొక్కి వదలండి. తాళం తప్పు మెషిన్‌కి పడిందేమో ఇక్కడ బయటపడుతుంది. ఒకే ప్యానెల్‌లో పేర్లు చెరిగిపోయిన పది స్విచ్‌లు ఉన్న మిల్లుల్లో ఈ మెట్టు లేకుండా పని మొదలుపెట్టకూడదు. మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ ఉంటే స్విచ్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో 560 వోల్టులకి పైగా నిలిచి ఉంటుంది. డ్రైవ్ మీద రాసిన నిమిషాలు ఆగి, కొలిచి, అప్పుడే టెర్మినల్స్ ముట్టండి.

ఇక మూడో దారి. కిట్ సంచి చూసి తృప్తిపడే వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

బకెట్ ఎలివేటర్ తీసుకోండి. లోడు మీద ఉండగా ఆగితే ఎక్కే వైపు బకెట్లన్నీ నిండుగా, దిగే వైపు ఖాళీగా ఉంటాయి. ఆ బరువంతా మోటారు, గేర్‌బాక్స్ పట్టుకుని నిలబెడతాయి. మెయిన్‌కి తాళం వేసి, మీటర్ పెట్టి, అన్నీ సరిగ్గా చేసి, డ్రైవ్ వి-బెల్టులు విప్పగానే పై పుల్లీ వెనక్కి గిర్రున తిరుగుతుంది. చెయ్యి పుల్లీ మీదే ఉంటుంది ఆ క్షణంలో. వెనక్కి తిరగనివ్వని బ్యాక్‌స్టాప్ ఉన్నా అరిగిపోయిందో లేదో ఎవరికి తెలుసు? బెల్టు విప్పేముందు పై పుల్లీ ఆకుల్లోంచి చైను వేసి ఫ్రేముకి కట్టాలి. తాడు వద్దు, సాగుతుంది. ఈ కిట్‌లో చైను లేదు.

పల్వరైజర్‌ది ఇంకో రకం. స్విచ్ ఆపాక రోటర్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, చివరి చుట్లలో చప్పుడు కూడా రాదు. జాలీ మార్చడానికి చప్పుడు ఆగగానే తలుపు తెరుస్తారు. బయటి పుల్లీ మీద మధ్య నుంచి అంచు దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, గార్డు జాలీలోంచి అది కనిపించేటట్టు పెట్టుకోండి. గీత కదలకుండా నిలబడ్డాకే బోల్టు విప్పాలి. లోపలికి చెయ్యి పెట్టే ముందు రోటర్‌కి అడ్డంగా చెక్క దిమ్మె పెట్టండి, రోటర్ మీది సుత్తుల్లో ఒకటి కదిలినా మిగతావి తిరిగి వేలి మీదకి వస్తాయి.

వి-బెల్టు మార్చడంలో కరెంటుతో సంబంధం లేకుండానే వేళ్లు పోతాయి. మోటారు జరపడానికి బద్ధకించి, బెల్టుని పుల్లీ అంచుకి తగిలించి చేత్తో తిప్పి ఎక్కిస్తారు. బెల్టుకీ గాడికీ మధ్య వేళ్లు నలుగుతాయి. మోటారు కింద స్లైడ్ రైలు బోల్టులు వదులు చేసి, మోటారుని ముందుకి జరిపి, బెల్టు వదులుగా చేత్తో పడేటట్టు వెయ్యాలి. తర్వాత వెనక్కి లాగి బిగించాలి. రెండు పుల్లీల మధ్య మీటరు దూరం ఉంటే మధ్యలో ఒక మోస్తరుగా నొక్కినప్పుడు 16 మిల్లీమీటర్లు దిగితే బిగువు సరిపోయినట్టు.

కారం దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్‌కి కిట్‌లోని బాల్ వాల్వ్ లాకు బాగా పడుతుంది. కానీ వాల్వ్ మూసినంత మాత్రాన దాని అవతల హెడర్ గొట్టంలో నిండి ఉన్న 5, 6 బార్ల గాలి ఎక్కడికీ పోదు. గాలి వదిలే సొలినాయిడ్ వాల్వ్ విప్పగానే ముఖం మీదకి కారంతో సహా కొడుతుంది. మూసి తాళం వేస్తే మిగిలిన గాలిని తనే బయటికి వదిలేసే లాకింగ్ ఎగ్జాస్ట్ వాల్వ్ ఒకటి లైన్‌లో పెట్టించుకోండి. అది లేకపోతే హెడర్ కింద డ్రెయిన్ తెరిచి, గేజ్ సున్నాకి వచ్చాక పని మొదలుపెట్టండి. బేల్ ప్రెస్‌కి కూడా ఇదే: ర్యామ్ (దూదిని నొక్కే దిమ్మె) దించి, ఆయిల్ ప్రెషర్ గేజ్ సున్నా చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి; ర్యామ్ దించలేని పనైతే దాని కింద ఇనప ఊత పెట్టకుండా తల పెట్టకూడదు. స్క్రూ కన్వేయర్‌లో ముద్ద ఇరుక్కుని ఆగితే షాఫ్ట్ మెలి తిరిగి బిగుసుకుని ఉంటుంది. ముద్ద వదలగానే ఆ మెలి విడిపోయి ఆకు ఒక్కసారి జరుగుతుంది. వేలు తెగడానికి ఆ కొంచెం చాలు. తాళం వేశాక కప్లింగ్‌ని రెంచితో వెనక్కి కొద్దిగా తిప్పి బిగువు వదిలించి, ముద్దని చేత్తో కాకుండా కొక్కెంతో తియ్యండి.

ట్యాగులకి సున్నా మార్కులు. పీవీసీ బాగానే ఉంది, రాత ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంది. గుంటూరు మిల్లులో ఆ ట్యాగు చదవాల్సింది పిడుగురాళ్ల నుంచో, సత్తెనపల్లి నుంచో వచ్చిన కూలీ. ‘మెషిన్ వెయ్యొద్దు. లోపల మనిషి ఉన్నాడు.’ ఈ రెండు ముక్కలు పెద్ద అక్షరాలతో, కింద పని చేస్తున్న మనిషి ఫొటో, పేరు, ఫోన్ నంబరు, తేదీ, టైము. ఏ ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో అయినా వేసిస్తారు. ఒడిశా, బిహార్ కూలీలు ఉంటే ఆ భాష కూడా చేర్చండి. ఫొటో ఉంటే చదువు రాని వాళ్లకి కూడా ఎవరు లోపల ఉన్నారో తెలుస్తుంది. కట్టే దారం సుతిలి కాకూడదు, కోస్తే తప్ప రాని నైలాన్ టై వాడండి. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా నిబంధనల్లో ఆ టై కనీసం 50 పౌండ్లు, అంటే దాదాపు 23 కిలోల లాగుడు తట్టుకోవాలని ఉంది. మామూలు మార్కర్ రాత గ్రీజు చెయ్యి తగిలితే పోతుంది, పెయింట్ మార్కర్ తీసుకోండి.

మొదటి దారికి మందు ఈ సంచిలో దొరకదు కాబట్టి క్లుప్తంగా. మెషిన్ తిరుగుతుండగా ఆయిల్ పొయ్యాల్సి వస్తే, అదీ పొయ్యక తప్పని చోటే, ప్రత్యేకంగా నేర్చుకున్న మనిషే, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలతో చెయ్యాలని, అతని పేరు రిజిస్టర్‌లో ఉండాలని ఆ 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ చెప్పింది. మన కారం మిల్లుల్లో ఘాటుకి అందరూ ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటారు. ఆ తువ్వాలు కొస పుల్లీలో పడితే మెడని లాగుతుంది. తువ్వాలు తీసేసి మాస్కు ఇవ్వండి. గ్రీజు నిపుల్ గార్డు లోపల ఉంటే రాగి గొట్టంతో బయటికి తెచ్చి పెట్టించండి, ఒక్కసారి ఖర్చు. అప్పుడు గ్రీజు కోసం గార్డు తియ్యాల్సిన పనే ఉండదు.

కొనేటప్పుడు కిట్‌తో పాటు అడగాల్సినవి: 38 మిల్లీమీటర్ల హాస్పు ఒకటి, రెండో కేబుల్ లాకు, బ్యాటరీ టెర్మినల్ మూత, రెండు మీటర్ల చైను, మంచి మల్టీమీటర్. మిల్లులో ఫిట్టర్లు, హెల్పర్లు కలిపి ఆరుగురికి మించితే తాళాలు కూడా అంత మందికి కొనండి. హెల్పర్‌కి తాళం ఎందుకని అనొద్దు, లోపలికి ముందు దూరేది అతనే. ఒక్కో మనిషికి ఒక్కో తాళం, అందరి తాళాలూ ఒకే హాస్పుకి, ఎవరి చెవి వాళ్ల జేబులో. షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాడు తన తాళం వేశాకే వెళ్లేవాడు తనది తియ్యాలి.

సంచిని ఆఫీసు గదిలో బీరువాలో పెట్టొద్దు. మెయిన్ ప్యానెల్ పక్క గోడకి, చెయ్యి అందే ఎత్తులో మేకుకి తగిలించండి. సీజన్‌లో అర్ధరాత్రి ఎలివేటర్ ఆగితే, బీరువా తాళం ఉన్న మనిషి కోసం ఎవరూ ఎదురుచూడరు.